పటాలాల నుంచి అంబులెన్సుల దాకా

2023 ఫిబ్రవరి భూకంపం తర్వాత టర్కీలోని ఇస్కెందెరున్‌లో మన సైన్యం 30 పడకల ఆసుపత్రి నడిపింది. ఆ పని చేసిన యూనిట్ పేరు 60 పారా ఫీల్డ్ హాస్పిటల్. ఐక్యరాజ్య సమితి పిలుపు మీద 1950 నవంబరులో కొరియాలో దిగింది కూడా ఈ యూనిట్టే. అప్పట్లో దాన్ని 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనేవారు. యుద్ధం చేసే సైన్యాన్ని పంపడానికి నెహ్రూ ప్రభుత్వం ఒప్పుకోలేదు, డాక్టర్లను పంపింది. ఆ రోజు చేసిన ఎంపిక తర్వాతి డెబ్బై ఏళ్ల మన విదేశీ సాయానికి ఒక దారి వేసింది. మనం బయటి దేశాలకు సైన్యాన్ని ఎలా పంపుతాం, డబ్బు ఎలా ఇస్తాం, ఎక్కడ దెబ్బతింటాం అన్న విషయాల మీద తెలుగులో వివరంగా రాసినవి తక్కువ. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

కొరియాతోనే మొదలుపెడదాం. ఆ యూనిట్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. 1950 డిసెంబరులో చైనా సైన్యం ముందుకు దూసుకొస్తుంటే ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయమని ఆదేశం వచ్చింది. సామాను తరలించడానికి లారీలు లేవు. మందులు, ఆపరేషన్ సామగ్రి అక్కడే వదిలేస్తే యూనిట్ ఉండీ ప్రయోజనం లేదు. స్టేషన్‌లో వదిలేసిన పాత ఆవిరి ఇంజనొకటి, కొన్ని వ్యాగన్లు కనిపించాయి. మనవాళ్లు వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ బాయిలర్ నింపారు. ఇంజను గురించి కాస్త తెలిసినవాళ్లు దాన్ని నడిపారు. సామాను మొత్తం దక్షిణానికి చేరింది. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికా పారాచూట్ దళంతో పాటు ఈ యూనిట్ నుంచి 12 మంది కిందికి దూకి అక్కడే ఆపరేషన్లు చేశారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది.

యుద్ధం ఆగాక అసలు చిక్కు వచ్చింది. సొంత దేశానికి తిరిగి వెళ్లం అన్న యుద్ధ ఖైదీలు 22 వేలకు పైగా ఉన్నారు. వాళ్లను ఎవరు కాపలా కాయాలి, వాళ్ల ఇష్టం ఏమిటో ఎవరు అడిగి తెలుసుకోవాలి? రెండు పక్షాలూ ఒప్పుకున్న పేరు భారత్. ఐదు దేశాల తటస్థ సంఘానికి లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడు. కాపలా దళానికి మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ నాయకుడు, ఆయన కింద దాదాపు 6 వేల మంది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ మన సైనికుణ్ని తన గడ్డ మీద కాలు పెట్టనివ్వనన్నాడు. దాంతో ఓడ దిగినవాళ్లను దిగినట్టే హెలికాప్టర్లలో ఎక్కించి సైన్యాలు లేని నడిమి ప్రాంతానికి చేర్చారు. తుది లెక్కలో ఏ కొరియాకూ, చైనాకూ, తైవాన్‌కూ పోబోమన్న 88 మంది మన దళంతోనే భారత్ వచ్చారు. శాంతి పరిరక్షణ అనే మాటకు ఇంకా నియమావళి లేని కాలమది. రెండు పక్షాల సమ్మతి, ఎటువైపూ మొగ్గకపోవడం, అవసరం పడితే తప్ప ఆయుధం ఎత్తకపోవడం అనే మూడు సూత్రాలూ అక్కడ ఆచరణలోకి వచ్చేశాయి.

ఆ తర్వాత గాజా, సినాయ్‌లో 1956 నుంచి 1967 దాకా ఉన్నాం. కాంగోలో 1960 నుంచి 1964 దాకా ఒక బ్రిగేడ్‌తో పాటు కాన్‌బెర్రా బాంబర్లు కూడా దించాం. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో చనిపోయిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర ఇచ్చారు. సమితి విధుల్లో ఆ పతకం పొందింది ఆయనొక్కరే. సైప్రస్‌లో సమితి దళాన్ని నడుపుతూనే తిమ్మయ్య 1965 డిసెంబరులో కన్నుమూశారు. 1967లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ వెళ్లిపొమ్మనగానే సినాయ్ దళం మూట సర్దుకోవాల్సి వచ్చింది. ఆతిథ్య దేశం సమ్మతి పోతే దళం ఒక్క రోజు కూడా నిలవదని అక్కడ తేలింది.

శ్రీలంకకు 1987లో వెళ్లిన శాంతి సేనను చాలామంది ఈ ఖాతాలోనే వేస్తారు. అది పొరపాటు. దాని వెనక సమితి ఆదేశం లేదు, ఉన్నది రెండు ప్రభుత్వాల మధ్య 1987 జూలై 29న కుదిరిన ఒప్పందం. పోరాడుతున్న ఎల్‌టీటీఈ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. అక్టోబరుకల్లా జాఫ్నా వీధుల్లో యుద్ధం. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకున్నాం. మొదటి సూత్రమైన సమ్మతి లేకుండా వెళ్లిన దళానికి ఏమవుతుందో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దగ్గర లేదు. జాఫ్నా పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

సమితి విధుల్లో ఇప్పటిదాకా పనిచేసిన భారతీయులు 2,90,000 మందికి పైగా. మిషన్లు 50కి పైగా. ప్రాణాలు కోల్పోయినవాళ్లు దాదాపు 180 మంది. ఈ అంకెలు ప్రతి ప్రసంగంలోనూ వినిపిస్తాయి. ఒక పటాలం ఎలా బయలుదేరుతుంది, దాని ఖర్చు ఎవరిది అనేది మాత్రం వినిపించదు.

సమితికి సొంత సైన్యం లేదు. ఒక పటాలం కావాలంటే ఏమేం ఉండాలో ముందుగా ఒక పత్రం పంపుతుంది. 850 మంది, ఇన్ని కవచ వాహనాలు, ఇన్ని జనరేటర్లు, ఇంత సామర్థ్యమున్న నీటి శుద్ధి యంత్రం, ఈ స్థాయి ఆసుపత్రి అని అందులో పద్దు ఉంటుంది. దాని మీద బేరసారాలు నడిచి అవగాహన ఒప్పందం తయారవుతుంది. సమితి అధికారులు మన దేశానికి వచ్చి సామాను కళ్లారా చూసి వెళ్తారు. తర్వాత ఓడలో ఎక్కించే ప్రతి పెట్టెకూ పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు రాసిన జాబితా ఇవ్వాలి. ఈ జాబితాలో తప్పు పడితే ఓడ చాలదు, లేదా అక్కడి రేవులో దించే క్రేన్ చాలదు. మనుషులు విమానంలో వెళ్లిపోతారు, సామాను సముద్రంలో ఉంటుంది. ఆ మధ్య వారాలు పటాలానికి గడ్డు రోజులు.

సామానుకు రెండు రకాల అద్దె ఉంటుంది. మరమ్మతులు, విడిభాగాలు కూడా మనమే చూసుకుంటే వెట్ లీజ్. వాహనం మనది, మరమ్మతు సమితిది అయితే డ్రై లీజ్. మన పటాలాలు సాధారణంగా వెట్ లీజ్ మీదే వెళ్తాయి. బియ్యం, పప్పు, కూరగాయలు, డీజిల్ సమితి ఇస్తుంది. వండే పొయ్యిలు, వంటవాళ్లు, ఫ్రిజ్‌లు, బట్టలుతికే యంత్రాలు, గుడారాలు, వైర్‌లెస్ సెట్లు మనవి. ఒక్కో పద్దుకు మనిషికింత చొప్పున నెలకు లెక్క కట్టి చెల్లిస్తారు.

మనుషులకు వేరే లెక్క. 2022 జూలై నుంచి అమలైన రేటు ప్రకారం ఒక్కొక్కరికి నెలకు 1,448 డాలర్లు. ర్యాంకుతో పని లేదు, సిపాయికీ కల్నల్‌కీ ఒకటే. ఆ సొమ్ము ప్రభుత్వ ఖాతాకు వస్తుంది, సైనికుడి చేతికి కాదు. 850 మంది పటాలానికి నెలకు సుమారు 12.3 లక్షల డాలర్లు. సమితి నేరుగా సైనికుడి చేతిలో పెట్టేది రోజుకు 1.28 డాలర్లు. దీనికి తోడు ఆరు నెలల్లో 15 రోజుల వరకు సెలవు భత్యం, రోజుకు 10.50 డాలర్లు. విదేశీ భత్యం మన ప్రభుత్వమే తన నియమాల ప్రకారం విడిగా ఇస్తుంది. సమితికి వెళ్తే సైనికులు లక్షలు వెనకేసుకొస్తారని ఊళ్లలో అనుకునే మాటకు ఆధారం ఆ విడి భత్యమే.

తనిఖీ మూడు నెలలకోసారి. మిషన్ ఉద్యోగి, పటాలం అధికారి ఇద్దరూ కలిసి ఒక్కో వాహనం దగ్గరికీ వెళ్లి ఇంజను స్టార్ట్ చేసి చూస్తారు. ఒక రకం వాహనాల్లో 90 శాతం నడిచే స్థితిలో ఉండాలి. తగ్గితే అద్దె తగ్గుతుంది. ముఖ్యమైన సామాను లేకపోయినా, ఎక్కువ కాలం పనిచేయకపోయినా మనుషుల సొమ్ములోనూ కోత పడుతుంది. సాధారణంగా పోయేవి చిన్న వస్తువులు. టైరు, బ్యాటరీ, ఫిల్టరు, రేడియేటరు గొట్టం. తూర్పు కాంగోలో వానాకాలం ఎర్రమట్టి రోడ్డు మీద వాహనం ఇరుసు దాకా కూరుకుపోతుంది. వెట్ లీజ్ కాబట్టి విడిభాగం ఇండియా నుంచి రావాలి. టెండరు, కొనుగోలు, ఓడ, అక్కడి కస్టమ్స్ దాటేసరికి ఒక తనిఖీ గడువు గడిచిపోతుంది. అనుభవమున్న పటాలం బయలుదేరేటప్పుడే ఫలానా వాహనానికి ఫలానా భాగం ఎన్ని పోతాయో అంచనా వేసుకుని పెట్టెలో వేసుకుంటుంది. ముందు పటాలం రాసిపెట్టిన రిజిస్టరు ఇక్కడ బంగారం.

ఆసుపత్రులకూ ఇలాంటి కొలతలున్నాయి. ప్రతి పటాలానికీ తన చిన్న దవాఖానా ఉంటుంది, అది మొదటి స్థాయి. రెండో స్థాయిలో రోజుకు 3, 4 ఆపరేషన్లు, 40 మంది ఓపీ రోగులు, 20 పడకలు. మూడో స్థాయిలో 50 పడకలు, రోజుకు 10 ఆపరేషన్లు. కాంగోలోని గోమాలో మూడో స్థాయి ఆసుపత్రిని మన సైన్యమే నడిపింది. గాయపడినవాడికి 10 నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో నిపుణుల సాయం, 2 గంటల్లో ఆపరేషన్ అందాలన్నది నియమం. కాగితం మీద చక్కగా ఉంటుంది. హెలికాప్టరుకు రాత్రి ఎగిరే ఏర్పాటు లేకపోయినా, అక్కడి ప్రభుత్వం ఎగరడానికి అనుమతి ఆపినా ఆ రెండు గంటలు దాటిపోతాయి. దక్షిణ సూడాన్‌లోని మలకాల్‌లో మన బృందం పశువైద్య శిబిరాలు కూడా పెట్టింది. పశువే ఆస్తిగా, పశువుల మీదే తగవులుగా ఉన్న చోట ఆవుకు సూది వేయడం కూడా శాంతి పనే. పెద్ద పెద్ద నివేదికల కంటే ఈ పనిమీద నాకు గౌరవం ఎక్కువ.

డబ్బు మాత్రం వేళకు రాదు. 2019 మార్చి నాటికి సమితి మనకు 3.8 కోట్ల డాలర్లు బాకీ. సభ్య దేశాలు చందా కట్టకపోవడమే దీనికి కారణం. అందరికంటే ఎక్కువ వాటా పడే అమెరికా, తన చట్టం ప్రకారం 25 శాతానికి మించి ఇవ్వదు. మిగతాది ఏటా బాకీగా పేరుకుంటుంది. సమితి దగ్గర డబ్బు ఆగితే ముందు ఆగేది సైన్యం పంపిన దేశాలకు ఇవ్వాల్సిన సొమ్మే, ఎందుకంటే వాళ్లు తగాదా పెట్టుకోరు. 2025 అక్టోబరులో తొమ్మిది మిషన్లలో నాలుగో వంతు బలగాన్ని తగ్గిస్తున్నట్టు సమితి చెప్పింది. దీనికీ కారణం డబ్బే.

డబ్బుకంటే లోతైన చిక్కు ఆదేశం రాసే చోట ఉంది. ఆదేశం రాసేది భద్రతా మండలి, దాని కింద ప్రాణం పెట్టేది మండలిలో కుర్చీ లేని దేశాలు. దళం వాడకంపై నిర్ణయం తీసుకునేటప్పుడు దాన్ని పంపిన దేశాన్ని పిలవాలని సమితి చార్టర్ 44వ అధికరణ చెబుతోంది. మనం దశాబ్దాలుగా దీన్ని గుర్తు చేస్తూనే ఉన్నాం. సియెర్రా లియోన్‌లో దీని ఫలితం చూశాం. 2000 మే నెలలో కైలాహున్‌లో గోర్ఖా రైఫిల్స్‌కు చెందిన రెండు కంపెనీలను తిరుగుబాటుదార్లు చుట్టుముట్టారు. దాదాపు 75 రోజులు అలాగే గడిచాయి. తిండి, మందులు తగ్గిపోతుండగా జూలై మధ్యలో ఆపరేషన్ ఖుక్రీ పేరుతో ఇతర దేశాల సాయంతో వాళ్లను బయటికి తెచ్చారు. దళ కమాండర్ మేజర్ జనరల్ విజయ్ జెట్లీ రాసిన రహస్య పత్రం బయటపడింది. మిషన్‌లోని ఇతర దేశాల అధికారులపై ఆయన చేసిన ఆరోపణలతో పెద్ద రచ్చ జరిగింది. చివరికి భారత్ తన దళాన్ని వెనక్కి పిలిచింది. ఒకే మిషన్‌లో ఉన్నవాళ్లకే ఆదేశం అర్థం ఒక్కటి కాకపోతే కింద ఉన్న కంపెనీ కమాండర్‌కు దిక్కెవరు?

2013లో కాంగోలో తిరుగుబాటు ముఠాలపై దాడులు చేసే ప్రత్యేక బ్రిగేడ్ పెట్టినప్పుడు మనం అభ్యంతరం చెప్పింది అందుకే. దాడి చేసే బ్రిగేడ్ వేరు, కాపలా కాసే పటాలం వేరు అని మండలికి తెలుసు. తుపాకీ పట్టుకున్న ముఠాకు మాత్రం ఇద్దరి నెత్తిమీదా ఉన్నది ఒకే నీలం హెల్మెట్. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లైలో మెరుపుదాడిలో ఐదుగురు భారతీయ సైనికులు చనిపోయారు. 2022 జూలైలో కాంగోలోని బుటెంబోలో మిషన్ మీద కోపంతో వచ్చిన జనం చేతిలో ఇద్దరు బీఎస్ఎఫ్ జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లను చంపింది శత్రు సైన్యం కాదు. ఇన్నేళ్లు ఇక్కడే ఉండి మమ్మల్ని ఎందుకు కాపాడలేకపోయారని అడిగిన ఊరిజనం. ఈ తేడాను పట్టించుకోకుండా శాంతి పరిరక్షణ గురించి మాట్లాడటం కుదరదు.

మన వైపు తప్పులూ జరిగాయి. కాంగోలో మన సైనికులపై లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు వచ్చాయి, సైన్యం విచారణకు ఆదేశించింది. బాధితుల నిధికి 2016లో మొదటగా లక్ష డాలర్లు ఇచ్చిన దేశం మనదే. నిధికి ఇవ్వడం మంచిదే. ఎవరికి ఏ శిక్ష పడిందో బయటికి చెప్పడం అంతకంటే అవసరం.

మంచి మార్పు పోలీసుల్లో వచ్చింది. 2007 జనవరిలో సీఆర్‌పీఎఫ్ నుంచి నూరు మందికి పైగా మహిళలున్న పూర్తి మహిళా పోలీసు దళం లైబీరియాకు వెళ్లింది. సమితి చరిత్రలో అలాంటిది అదే మొదటిసారి. 2016 దాకా బృందాలు మారుతూ అక్కడే ఉన్నాయి. రాత్రి గస్తీ, అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా, బడిపిల్లలకు ఆత్మరక్షణ పాఠాలు వాళ్ల పని. అత్యాచారాలను యుద్ధంలో ఆయుధంగా వాడిన దేశంలో, ఫిర్యాదు చేయడానికి వచ్చిన ఆడమనిషికి ఎదురుగా మరో ఆడమనిషి యూనిఫాంలో కనిపించడం చిన్న విషయం కాదు.

లెబనాన్ మిషన్ 2026 డిసెంబరు 31తో ముగియాలని మండలి తీర్మానించింది. 1998 నుంచి అక్కడ మన పటాలం ఉంది. సర్దుకుని రావడానికి ఏడాది గడువు ఇచ్చారు. వెళ్లడం ఎంత పనో, రావడమూ అంతే పని. తెచ్చిన ప్రతి వస్తువూ జాబితాతో సరిపోవాలి. వాహనాల అడుగున మట్టి, గింజలు లేకుండా కడిగి ఓడ ఎక్కించాలి. ఉన్న చోటును నూనె మరకలు, తూటా డొల్లలు లేకుండా శుభ్రం చేసి అప్పగించాలి.

సైన్యం పాత్ర ఇలా కుంచించుకుపోతుంటే రెండో పాత్ర పెరిగింది. అదే అభివృద్ధి సాయం. ఒకప్పుడు మనమే చేయి చాచాం. 2003 బడ్జెట్ సమయంలో అప్పటి ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ చిన్న దాతల నుంచి ఇక సాయం తీసుకోబోమని ప్రకటించారు. 2004 సునామీలో మన తీరాలే దెబ్బతిన్నా శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేసియాలకు నౌకలు పంపాం. 2012లో విదేశాంగ శాఖలో ఈ పనికోసం ప్రత్యేక విభాగం వచ్చింది. 2025-26 బడ్జెట్‌లో భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు, ఆఫ్రికా దేశాలన్నిటికీ కలిపి 225 కోట్లు. ఆఫ్రికా వాటా చూసి నొచ్చుకోనక్కర్లేదు, అక్కడికి వెళ్లేది ఎక్కువగా అప్పు రూపంలో వెళ్తుంది.

ఆ అప్పు నడిచే తీరు తెలుసుకోవాలి. దీన్ని లైన్ ఆఫ్ క్రెడిట్ అంటారు. అడిగే దేశం మన రాయబార కార్యాలయం ద్వారా ప్రతిపాదన పంపుతుంది. ప్రాజెక్టు నివేదిక తయారై ఆమోదం పొందాక మన ఎగుమతి దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంకు) ఆ దేశంతో ఒప్పందం చేసుకుంటుంది. 2015 నాటి నిబంధనల ప్రకారం బాగా పేద దేశాలకు వడ్డీ 1.5 శాతం, గడువు 25 ఏళ్లు, మొదటి ఐదేళ్లు అసలు కట్టనక్కర్లేదు. ఎగ్జిమ్ బ్యాంకుకు పడే వడ్డీ తేడా మన ఖజానా భరిస్తుంది. సరుకు, సేవల్లో 75 శాతం ఇండియా నుంచే కొనాలి. కట్టడాల పనులుంటే 10 శాతం దాకా సడలింపు ఇస్తారు. కాబట్టి డబ్బు చాలావరకు దేశం దాటదు. ఎగ్జిమ్ బ్యాంకు భారతీయ గుత్తేదారుకే నేరుగా చెల్లిస్తుంది, ఆ దేశం ఎగ్జిమ్ బ్యాంకుకు బాకీ పడుతుంది. ఇప్పటిదాకా ఇలా ఒప్పుకున్న మొత్తం 30 బిలియన్ డాలర్లు దాటింది.

ఒప్పుకున్న మొత్తం వేరు, ఖర్చయిన మొత్తం వేరు. వార్తల్లో వచ్చేది మొదటిది. రువాండాలో న్యబరోంగో జలవిద్యుత్ కేంద్రం, 28 మెగావాట్లు, 8 కోట్ల డాలర్ల అప్పుతో పూర్తయి కరెంటు ఇస్తోంది. కాంగోలో కతెండె జలవిద్యుత్ పథకం, 64 మెగావాట్లు, ఏళ్ల తరబడి మధ్యలోనే నిలిచిపోయింది. ఇథియోపియాకు చక్కెర ఫ్యాక్టరీలకని 64 కోట్ల డాలర్లు ఇస్తే తెందహో ఫ్యాక్టరీ విపరీతంగా ఆలస్యమైంది. కారణాలు ప్రతిచోటా దాదాపు ఒకటే. నివేదిక తొందరలో రాయడం, భూసేకరణ అక్కడి ప్రభుత్వం చేతిలో ఉండటం, సమ్మతి పత్రాలు వారాల తరబడి బల్లల మీద ఆగడం, పోటీకి వచ్చే గుత్తేదార్లు ఇద్దరో ముగ్గురో ఉండటం. గుత్తేదార్లను ఎగ్జిమ్ బ్యాంకే ముందుగా వడపోయాలన్న నియమం వచ్చాక చివరిది కాస్త బాగుపడింది. మొదటి మూడూ అలాగే ఉన్నాయి.

దీనికి పూర్తి భిన్నంగా, చవగ్గా, సద్దు లేకుండా నడిచేది ఇతర దేశాల ఉద్యోగులకు మన ప్రభుత్వం ఇచ్చే ఐటెక్ శిక్షణ. 1964 సెప్టెంబరు 15న మొదలైంది. ఇప్పుడు 160 దేశాల దాకా విస్తరించింది, శిక్షణ పొందినవాళ్లు 2 లక్షలకు పైగా. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడలోని జాతీయ చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) సంస్థ, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) లాంటి చోట్ల ఈ తరగతులు జరుగుతాయి. కెన్యా గుమాస్తా, తజికిస్తాన్ బ్యాంకు ఉద్యోగిని, ఫిజీ వ్యవసాయాధికారి ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అభ్యర్థి పోర్టల్‌లో దరఖాస్తు నింపి, ముద్రించి, తన ప్రభుత్వ శాఖ సిఫార్సుతో మన రాయబార కార్యాలయంలో ఇవ్వాలి. ఎంపికైతే విమాన టిక్కెట్టు, వీసా, ఫీజు, వసతి, ఖర్చులకు భత్యం అన్నీ మనవే. చిక్కొచ్చేది సిఫార్సు దగ్గరే. పై అధికారి పలుకుబడి ఉన్నవాణ్ని పంపితే, పని చేసేవాడు ఊళ్లోనే ఉండిపోతాడు. కాగితం చివరి వారంలో కదిలితే మంచి అభ్యర్థికి టిక్కెట్టు దొరకదు. ఒకే తరగతిలో ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాళ్లూ, తడబడేవాళ్లూ ఉంటే పాఠం చెప్పేవాడి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇక జాఫ్నా. యుద్ధం ముగిశాక శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో భారత్ 46 వేల ఇళ్లు చేపట్టింది. మొదటి వెయ్యి గుత్తేదార్లతో కట్టించారు. తర్వాత పద్ధతి మార్చి ఇల్లు కట్టుకునే పని కుటుంబానికే అప్పగించారు. కొత్త ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు. పునాది లేచాక ఒక విడత, గోడలు లేచాక ఇంకో విడత, ఇంజనీరు చూసి సరేనంటే నేరుగా బ్యాంకు ఖాతాలోకి. దళారీకి చోటు లేకుండా పోయింది. ఇబ్బంది ఇసుక దగ్గర వచ్చింది. ఊరంతా ఒకేసారి కట్టుకుంటుంటే ఇసుకా తాపీమేస్త్రీలూ దొరకలేదు. మగదిక్కు లేని ఇళ్లలో సామాను కాపలా కూడా ఆడవాళ్ల మీదే పడింది. అయినా తన కిటికీ ఎక్కడ పెట్టాలో తానే నిర్ణయించుకున్న ఇల్లు అది.

అంబులెన్సుల విషయానికి వస్తే తెలుగు నేలకు నేరుగా సంబంధముంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 పద్ధతినే శ్రీలంకకు తీసుకెళ్లారు. ఫోన్ ఎత్తే మనిషి ప్రశ్నలు ఏ వరసలో అడగాలి, ఏ వాహనం దగ్గరో ఎలా చూడాలి, వాహనంలో టెక్నీషియన్, పైలట్ అని పిలిచే డ్రైవర్ ఎవరి పని ఏమిటి అన్నదంతా ఇక్కడ పదేళ్లు నలిగిన విధానం. సికింద్రాబాద్ శివార్ల నుంచి 108ని నడిపిన జీవీకే ఈఎంఆర్‌ఐ సంస్థ దాన్ని అక్కడ నెలకొల్పింది. మొదటి బృందాల్లోని శ్రీలంక యువతీ యువకులు శిక్షణకు హైదరాబాద్ వచ్చారు. 2016 జూలై 28న పశ్చిమ, దక్షిణ రాష్ట్రాల్లో 88 వాహనాలతో ‘1990 సువ సెరియ’ అంబులెన్సు సేవ మొదలైంది, 1990 అన్నది అక్కడ పిలవాల్సిన ఫోన్ నంబరు. భారత్ ఇచ్చింది సుమారు 76 లక్షల డాలర్ల గ్రాంటు. అప్పు కాదు.

మొదట్లో వ్యతిరేకత గట్టిగా వచ్చింది. భారతీయులు వచ్చి మా వైద్యంలో తలదూరుస్తున్నారని అక్కడి ప్రభుత్వ వైద్యుల సంఘం అడ్డుచెప్పింది. పథకాన్ని భుజాన వేసుకున్న అప్పటి ఉప మంత్రి హర్ష డి సిల్వా పట్టు వదల్లేదు. సిబ్బందిని అక్కడివాళ్లనే తీసుకోవడం, ఫోన్‌కు సింహళ, తమిళ, ఇంగ్లీషుల్లో జవాబివ్వడం, రోగి దగ్గర పైసా తీసుకోకపోవడం ఆ అనుమానాన్ని కరిగించాయి. తమిళంలో ఫోన్ చేస్తే తమిళంలోనే పలికే ప్రభుత్వ సేవ ఉత్తరాదివాళ్లకు ఎంత అపురూపమో వేరే చెప్పాలా? 2018 జూలై 21న సేవను మిగతా రాష్ట్రాలకు విస్తరించే కార్యక్రమం జరిగింది జాఫ్నాలోనే. మన సైన్యం వీధి వీధీ పోరాడిన 31 ఏళ్లకు అదే వీధుల్లోకి మన గ్రాంటుతో కొన్న అంబులెన్సులు వచ్చాయి. రెండో విడత కలిపి మొత్తం 297 వాహనాలు.

అదే ఏడాది శ్రీలంక పార్లమెంటు చట్టం చేసి సేవను తన సొంత ఫౌండేషన్ చేతిలో పెట్టింది. వాహనాలు ఇవ్వడం ఒక్కసారి ఖర్చు. జీతాలు, డీజిల్, టైర్లు, ఆక్సిజన్ సిలిండర్లు ప్రతి నెలా ఖర్చు. ఆ రెండో బరువు ఎవరు మోయాలో ముందే తేల్చుకోవడం వల్లే ఈ సేవ నిలబడింది. చాలా దేశాల్లో గ్రాంటు వాహనాలు రెండేళ్లకే షెడ్డులో తుప్పు పట్టేది ఆ మాట తేలకపోవడం వల్లే.

2022లో శ్రీలంక ఖజానా ఖాళీ అయ్యింది. బంకుల ముందు మైళ్ల కొద్దీ వరసలు. ఆ జూలైలో డీజిల్ దొరక్క కొన్ని ప్రాంతాల్లో 1990 వాహనాలు కూడా ఆగాయి. ఫిబ్రవరిలోనే చమురు కొనుక్కోవడానికి ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా మనం 50 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చాం, తర్వాత మరో 20 కోట్లు కలిపాం. తిండి, మందులకు ఇంకో 100 కోట్ల డాలర్లు. అన్నీ కలిపి ఆ ఏడాది మన సాయం దాదాపు 400 కోట్ల డాలర్లు. ఎప్పుడూ ఏళ్లు పట్టే అప్పు కాగితాలు ఆ ఏడాది వారాల్లో కదిలాయి.